చార్టమ్మ చేసిన మ్యూచువల్

డిపోలో నూట ఎనభైమంది డ్రైవర్లు. వారిలో ఎవరు ఏ పూట ఏ బస్సెక్కాలో నిర్ణయించే అధికారం కాగితం మీద మేనేజరుది. చేతల్లో మాత్రం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఒక్క మనిషిది. డ్యూటీ చార్టు రాసే ఆ గుమాస్తాను అందరూ చార్టమ్మ అనేవారు. పంతొమ్మిదేళ్లలో ఆమె వినని సాకు లేదు. ఒకే అమ్మమ్మను మూడుసార్లు చంపినవాణ్ణి కూడా నిలబెట్టి, "ఈసారైనా గట్టిగా పోయిందా తమ్ముడూ?" అని అడిగి మరీ సెలవిచ్చింది.

అంతటి మనిషికి పేగులో గడ్డ తేలింది. కోసి తీశారు, మందులెక్కించారు. ఎనిమిది నెలలయ్యాక, "ప్రస్తుతానికి ఏమీ లేదు, కానీ వస్తూ ఉండాలి" అన్నారు. ఈ వస్తూ ఉండడమే ఎంత పెద్ద ఉద్యోగమో అప్పుడు తెలిసొచ్చింది. రక్తపరీక్ష మంగళవారం. కోసిన డాక్టరు గురువారం. మందులిచ్చిన డాక్టరు నెలకో శుక్రవారం. ఆ మందులు గుండెనేం చేశాయో చూసే డాక్టరు ఆయనకు తీరికైనప్పుడు. వీటన్నిటి నెత్తిన మూడు నెలలకో స్కాను. చార్టమ్మ బెదరలేదు. పెద్ద కాగితం పరిచి, గీతలు కొట్టి, డాక్టర్లందరికీ డ్యూటీలు వేసింది. బస్సు కేటాయించని డ్రైవరును అవసరానికి పక్కన ఉంచినట్టు, గుండె డాక్టరును స్పేరులో పెట్టింది.

అదే డిపోలో దూరప్రయాణం బస్సు నడిపే ఆమె మొగుడు అది చూసి, "గుండెను స్పేరులో పెట్టావేంటే?" అన్నాడు.

"మిమ్మల్ని చేసుకున్నప్పట్నుంచీ అది స్పేరులోనే ఉందిలెండి."

ఈసారి స్కాను నాలుగో తేదీన పడింది. అయిదు నుంచి డిపోలో కొత్త రూట్లు. చార్టంతా మళ్లీ మొదటినుంచి రాయాలి. రక్తపరీక్ష వరసలో ఉండగా ముందున్న ముసలాయన వాపోవడం ఆమె చెవిన పడింది. ఆయన స్కాను ఇరవై అయిదున. వెంట రావలసిన కూతురికి సెలవు దొరికేది నాలుగునే. చార్టమ్మ కళ్లు మెరిశాయి. ఇద్దరు డ్రైవర్లు ఒకరి డ్యూటీ ఒకరు చేసుకోవడాన్ని డిపోలో మ్యూచువల్ అంటారు. ఇద్దరూ సంతకం పెడితే చాలు. ఆమె ముసలాయనను వెంటబెట్టుకుని తేదీలిచ్చే కౌంటరుకు వెళ్లింది.

"అలా మార్చుకోకూడదండీ, డాక్టరుగారిని అడగాలి," అంది కౌంటరు అమ్మాయి.

"మీ మిషనుకు మనిషి కావాలి గానీ, ఏ మనిషైతే ఏంటమ్మా?"

అరగంట వాదన తర్వాత ఆ అమ్మాయి తేదీలు మార్చింది. ముసలాయన చల్లగా ఉండమని దీవించి వెళ్లాడు. మ్యూచువల్ శాస్త్రోక్తంగా జరిగింది. చార్టమ్మ కడుపులో మూడో పార్టీ ఏదైనా ఉంటే, దాని సంతకం మాత్రం ఎవరూ తీసుకోలేదు.

పదో తేదీన కుడి డొక్కలో నొప్పి మొదలైంది. ఆమె దాన్ని సెలవు కోసం వచ్చిన డ్రైవరును చూసినట్టే చూసి, నమ్మకుండా పంపేసింది. అది మర్నాడు మళ్లీ వచ్చింది. చేతిగడియారం పట్టీ రెండు బెజ్జాలు లోపలికి జరిగింది. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు.

ఇరవై అయిదున స్కాను అయింది. రిపోర్టుతో డాక్టరును కలవాల్సింది వచ్చే నెల తొమ్మిదిన. ఇరవై ఏడున, పదకొండు గంటలకు, కౌంటరు అమ్మాయి ఫోను చేసింది.

"మేడమ్, తొమ్మిదిన వద్దు. రేపు పదింటికి రండి."

"రేపా? మొన్న బతిమాలినా ఖాళీ లేదన్నారుగా?"

"డాక్టరుగారే చెప్పారండి. ఎవరినైనా తోడు తెచ్చుకోండి."

"ఎందుకూ, దారి నాకు తెలుసు."

"తెచ్చుకోండి మేడమ్."

ఖాళీ దానంతటది పుట్టదు. ఒకరిని జరిపితేనే ఇంకొకరికి చోటు. రేపు పదింటికి ఎవరినో జరిపారు. ఊరికే ఎవరినీ జరపరన్న సంగతి చార్టమ్మకు తెలిసినంతగా ఆ ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు. ఆమె రేపటి చార్టు తీసి, అయిదున్నర బస్సు ఎదురుగా ఉన్న మొగుడి పేరు కొట్టేసింది.

మధ్యాహ్నం ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. "నా పేరు కొట్టేశావట? ఏం తప్పు చేశానే?"

"రేపు నాతో ఆస్పత్రికి రండి."

"తొమ్మిదో తారీకు కదా?"

"ముందుకు జరిపారు."

"మంచిదేగా! తొందరగా తేలిపోతుంది." ఆయన నిజంగానే సంతోషించాడు. ఆ సంతోషం ఆమె ముఖం దాకా వచ్చి ఆగిపోయింది. "ఎందుకు జరిపారు?" అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

ఆమె సెలవు చీటీ ముందుకు తోసింది. 'నుంచి' అన్నచోట ఆయన రేపటి తేదీ వేశాడు. 'వరకు' దగ్గర కలం ఆపి, "ఎప్పటిదాకా రాయను?" అన్నాడు.

"అది అలా వదిలేయండి," అంది చార్టమ్మ.

ఆయన వెళ్లాక, అయిదున్నర బస్సుకు మనిషిని వెతకడానికి జాబితా తీసింది. పైనుంచి కిందికి మూడుసార్లు చదివింది. ఒక్క పేరూ కంటికి ఆనలేదు.