ఊడ్పుల వారంలో వేసిన లెక్క

మా మనవరాలికి మెడికల్ సీటు వచ్చే ర్యాంకు వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో ఎవరూ పెద్దగా సంబరపడలేదు. ఇంటర్ తర్వాత రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగులో కూర్చుని వచ్చిన పిల్ల, ఫోనులో ర్యాంకు చూసుకుని, ఫోను పక్కన పెట్టి పడుకుంది. మా అమ్మాయి దాని కాళ్ల దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చింది. అల్లుడు గారు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. ఆ పెట్టె మర్నాటి దాకా ఎవరూ విప్పలేదు. అందరం అంత అలిసిపోయి ఉన్నాం.

ఆ అలసట తీరకముందే వెబ్ ఆప్షన్లు వచ్చాయి. ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తర్వాతో వరసగా కంప్యూటర్లో ఎక్కించాలి. పైన పెట్టింది దొరికితే కిందవాటి జోలికి పోరు. దాని ర్యాంకుకి దొరికేవి రెండే అని కోచింగువాళ్లు తేల్చారు. ఒకటి మా ఇంటికి ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో, వరిచేల మధ్య కట్టిన ప్రైవేటు కాలేజీ. రెండోది నూట నలభై కిలోమీటర్ల అవతల, పెద్ద పట్నంలో ఉన్న ప్రభుత్వ కాలేజీ. కన్వీనర్ కోటా సీటు కాబట్టి ఫీజులో చెప్పుకోదగ్గ తేడా లేదు. సోమవారం సాయంత్రం ఆరింటితో గడువు ముగుస్తుంది.

అల్లుడు గారు దగ్గరిది అన్నారు. మా అమ్మాయి ప్రభుత్వానిదే మేలంది. ఇద్దరూ నాలుగు రోజులు వాదించుకున్నారు. పిల్ల మాత్రం నా గదిలోకి వచ్చి నా మంచం మీద వాలి, ఇలా అంది.

"రెండేళ్లుగా నాలుగింట్లో ఒకటి దిద్దడమే నా పని అమ్మమ్మా. ఇప్పుడు రెండే ఇచ్చినా ఏది దిద్దాలో తెలీడం లేదు. నువ్వు చెప్పు, అదే పెడతా."

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా చేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. డాక్టర్లు ఎలా తయారవుతారో వార్డులో నిలబడి చూశాను. భవనాన్ని చూసి నేర్చుకున్నవాళ్లెవరూ లేరు. రోగులుంటేనే చదువు. అందుకని, రెండుచోట్లా రోగుల్ని లెక్కపెడదాం, ఎక్కడ ఎక్కువుంటే అది పైన పెట్టు అన్నాను. మా డ్యూటీలో ఉదయం వార్డు అప్పగించేముందు మంచం మంచానికీ తిరిగి లెక్క రాయాలి. సెన్సస్ అంటాం. ఒక్క తల తేడా వచ్చినా నేను సంతకం పెట్టేదాన్ని కాదు. నా లెక్క తప్పదని నాకు నమ్మకం.

మంగళవారం దగ్గరి కాలేజీకి వెళ్లాం. తొమ్మిది నుంచి పది దాకా ఓపీ వరండాలో నిలబడ్డాను. చేతిలో చీటీ ఉన్నవాళ్లు అరవై ఒక్కరు. ఆ తర్వాత ఆడవాళ్ల మెడికల్ వార్డుకి వెళ్లి, డ్యూటీలో ఉన్న సిస్టరుతో నేనెవరో చెప్పుకుని చూశాను. ముప్పై మంచాలు, తొమ్మిదిమంది మనుషులు. దుప్పట్లు మడత నలగలేదు. గచ్చు అద్దంలా ఉంది. బయటికి వచ్చాక "ఇది మ్యారేజీ హాల్లా ఉంది" అన్నాను.

గురువారం తెల్లవారుజామున మూడున్నరకే బస్సెక్కి దూరపు కాలేజీకి వెళ్లాం. అక్కడ తొమ్మిది నుంచి పది దాకా నాలుగువందల పన్నెండు మంది. ఆడవాళ్ల వార్డులో ముప్పై మంచాలకి ముప్పై ఏడుగురు. ఏడుగురు కింద పరుపుల మీద ఉన్నారు. మూల నీళ్ల బక్కెట్టు, ఒక పక్క ఫినాయిల్ వాసన, మంచానికి నలుగురేసి విద్యార్థులు. నేను పనిచేసిన వార్డే మళ్లీ చూసినట్టయింది. రానూ పోనూ తొమ్మిది గంటలు బస్సులో కూర్చునేసరికి మోకాళ్లు వాచాయి. ఇంటికి వచ్చాక రెండు లెక్కలూ నా నోటు పుస్తకంలో ఒకే పేజీలో రాసి పిల్లకి చూపించాను. ఆ రాత్రే అది దూరపు కాలేజీని మొదట పెట్టేసింది. అల్లుడు గారు పెరుగు వేసుకోకుండానే భోజనం ముగించి లేచారు.

శనివారం పొద్దున మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ పనిలోకి వచ్చింది. పదకొండు రోజులు రాలేదు. నాగాలన్నీ క్యాలెండర్లో నేను గళ్లు కొట్టి ఉంచాను. ఆ పదకొండు రోజులూ గిన్నెలు నేనే తోముకున్నాను. వచ్చినావిడ అరుగు మీద కూర్చుని కాళ్లు చాపింది. వేళ్ల సందులు బురదలో నానీ నానీ పాసిపోయి ఉన్నాయి. ఒళ్లు వెచ్చగా ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు చూపించుకోలేదని కోప్పడ్డాను.

"ఊడ్పుల్లో మంచమెక్కితే కూలీల ముఠాలోంచి తీసేత్తారండి అమ్మగారూ. నాట్లు అయ్యేదాకా రోగమైనా ఆగాల్సిందేనండి" అని నవ్వింది. "నిన్నటితో అయిపోయినాయండి. సోమవారం మా పేట ఆడాళ్లం ఒక ఆటో మాట్లాడుకున్నాం, ఆ చేలల్లో కాలేజీ ఆసుపత్రికే."

గిన్నెల చప్పుడు మొదలైంది.

ముప్పై మూడేళ్లలో ఒక్క ఏడాది కూడా తప్పలేదు, ఊడ్పులు మొదలైతే మా వార్డు ఖాళీ. కాలవకి నీళ్లు వదిలిన పదో రోజుకి సగం మంచాలు బోసిగా కనబడేవి. నా సెలవులన్నీ ఆ రోజుల్లోనే పెట్టుకునేదాన్ని. నాట్లు అయిన మర్నాటి నుంచి మాత్రం ఆపుకున్న జ్వరాలు, ముదిరిన పుళ్లు, నెలలు నిండినా ఒక్కసారీ చూపించుకోని కడుపులు అన్నీ ఒక్కసారి వచ్చి పడేవి. ఇదంతా నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ఏడు నీళ్లు ఆలస్యంగా వదిలారని కూడా తెలుసు. గళ్లు కొట్టిన క్యాలెండరు ఎదురుగా గోడకే ఉంది. అయినా సరిగ్గా ఊడ్పుల వారంలో చేల మధ్య ఆసుపత్రికి వెళ్లి, రోగులు లేరని రాసుకొచ్చాను. పట్నంలో ఊడ్పులుండవు.

పుస్తకం తీసి మళ్లీ చూసుకుంటే ఇంకో తప్పు దొరికింది. దగ్గరి చోట చీటీ ఉన్నవాళ్లనే లెక్కపెట్టాను. దూరపు చోట తొక్కిడిలో చీటీలు కనబడక తలలు లెక్కపెట్టాను. తోడొచ్చినవాళ్లు కూడా అందులో కలిసిపోయారు.

ఎందుకలా చేశానో కూడా నాకు తెలుసు. పిల్ల దగ్గరి కాలేజీలో చేరి, సాయంత్రానికి ఇంటికొస్తే బావుండునని నా కోరిక. కోరిక ఉన్నదాని మీద ఎక్కువ కఠినంగా ఉండాలనుకున్నాను. త్రాసు ఒకవైపు మొగ్గుతోందని రెండోవైపు వేలు పెట్టి నొక్కాను. ఇప్పుడు తప్పు దిద్దబోతే అది నా కోరికకే కలిసొస్తోంది. అందుకని శనివారమంతా ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను. ఊరుకుంటే నా తప్పు లెక్క మీద పిల్ల ఆరేళ్లు వెళ్లిపోతుంది. చెబితే దాన్ని నా దగ్గర కట్టేసుకోవడానికే చెప్పానేమో అన్న అనుమానం నాకే ఉంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే పిల్లని కూర్చోబెట్టి రెండు తప్పులూ చెప్పాను. నా కోరిక సంగతి కూడా చెప్పి, నా మాట విలువ ఆ మేరకు తగ్గించుకోమన్నాను.

అది పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టింది.

"ఇక్కడే ఉండవే అని ఒక్కసారి అడగొచ్చు కదా అమ్మమ్మా."

"అడగను" అన్నాను. "సోమవారం ఆ ఆటోలో మనమూ వెళ్దాం. ఈసారి లెక్క నువ్వే పెట్టు."

సోమవారం పొద్దున ఏడున్నరకి ఆటో వచ్చింది. ఏడుగురు ఆడవాళ్లు, మేమిద్దరం. మా గిన్నెలావిడ, అమ్మగారి మనవరాలు గారు డాక్టరు చదవబోతున్నారని అందరికీ చెప్పేసింది. ఎదురుగా కూర్చున్న ముసలావిడ పిల్లని ఎగాదిగా చూసి, ఎన్నేళ్ల చదువమ్మా అని అడిగింది.

"ఆరేళ్లవుతుందండి."

"ఆయ్, అయితే నా కాళ్లు అప్పటిదాకా ఉంచుతానమ్మా. మీరే చూద్దురుగాని."

"కాళ్లు ఉంటాయి గానీ పిన్నీ, నువ్వుంటావా?" అంది పక్కనావిడ. ఆటో అంతా నవ్వులు. పిల్ల కూడా నవ్వింది. ర్యాంకు వచ్చాక అది నవ్వడం అదే మొదటిసారి.

ఆసుపత్రి ముందు దిగేసరికి వరస గేటు దాకా ఉంది. మెట్లు పదమూడు. గురువారం ప్రయాణంతో వచ్చిన మోకాళ్ల వాపు ఇంకా తగ్గలేదు, ఎక్కలేకపోయాను. కింద సిమెంటు బల్ల మీద కూర్చుని పుస్తకం, పెన్సిలు పిల్లకిచ్చి పంపాను. చీటీ ఉన్నవాళ్లనే పెట్టమని, అయిదేసి గీతలు కట్టమని, పది కొట్టగానే ఆపమని చెప్పాను.

పది అయింది. పదిన్నర అయింది. పదకొండుకి పది నిమిషాలుందనగా దిగి వచ్చింది. గీతలు నూట నలభై మూడు దగ్గర ఆగిపోయి ఉన్నాయి.

"ఆపేశావేం?"

"ఒకావిడ చీటీలో ఏం రాశారో చదివి చెప్పమంది. చెబుతుంటే వెనకావిడ తనదీ ఇచ్చింది. ఆటోలో ముసలావిడకి ఏ గదో తెలీలేదు, తీసుకెళ్లాను. కట్టు కట్టేటప్పుడు చెయ్యి పట్టుకోమంది. పట్టుకున్నాను."

"మరి లెక్క?"

"తెలీదు. చాలామంది ఉన్నారు."

నా సర్వీసులో ట్రెయినీ నర్సు ఎవరైనా ఇలాంటి సెన్సస్ పట్టుకొస్తే తిప్పి పంపేదాన్ని. ఆ పూట నాకు ఓపిక లేదు. పిల్ల వేళ్లకి అయోడిన్ మరక ఉంది. పుస్తకం తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో అది కాలవ వైపు చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక మధ్యాహ్నం మూడున్నరకి కంప్యూటరు ముందు కూర్చుని, దగ్గరి కాలేజీని పైకి జరిపింది. ఎందుకని వాళ్ల నాన్న అడిగితే, ఆ ముసలావిడ వచ్చే సోమవారం కట్టు మార్పించుకోవడానికి మళ్లీ వస్తుందట అంది. అదేం కారణమో ఆయనకి అర్థం కాలేదు, కానీ సంతోషించారు. మా అమ్మాయి వంటింట్లో నా వెనకే వచ్చి నిలబడి, "నువ్వే చెప్పించావు కదమ్మా" అంది. నేను బియ్యం కడుగుతూ ఉన్నాను. లేదని చెప్పడానికి నాకే పూర్తి ధైర్యం లేదు.

సీటు అక్కడే వచ్చింది. చేరే రోజు ఇచ్చిన కాగితాల్లో నాలుగో పేజీ చదివినప్పుడు, విద్యార్థులంతా హాస్టల్లోనే ఉండాలని, ఆదివారం మాత్రమే బయటికి పంపుతారని తెలిసింది. ఇరవై రెండు కిలోమీటర్లయినా అంతే, నూట నలభై అయినా అంతే. అంత పట్టింపుగా రెండు ఆసుపత్రుల్లో తలలు లెక్కపెట్టిన మనిషిని, ఆ ఒక్క ప్రశ్న అడగడం మర్చిపోయాను.

ఇప్పుడు అది ఆదివారం తొమ్మిదింటికి వస్తుంది. తిని, నా మంచం మీద పడుకుంటుంది. నాలుగున్నరకి లేపి బస్సెక్కిస్తాం. మెలకువగా ఉండేది రెండు గంటలు, మహా అయితే రెండున్నర. నెలకి పది గంటలనుకోవచ్చు. దూరపు కాలేజీలో చేరి, నెలకోసారి రెండు రోజుల సెలవు మీద వచ్చి ఉంటే, బస్సులో పోయే తొమ్మిది గంటలూ, నిద్రా తీసేస్తే, ఆ లెక్కా ఇంచుమించు ఇంతే తేలుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అది పడుకున్నప్పుడు పక్కన కూర్చుని కాగితం మీద వేసి చూశాను. నూట నలభై మూడు గీతలున్న పేజీకి వెనకవైపు.

దానికి చెప్పలేదు. గిన్నెలావిడ వస్తే చప్పుడు చెయ్యొద్దని సైగ చేసి, గిన్నెలు పెరట్లోకి పంపించాను.