అచ్చియమ్మ కూరమడి

నాలుక మీద పెట్టుకుని చూడనిదే అచ్చియమ్మ దేన్నీ నమ్మదు. బియ్యపు పలుకు, చింతపండు, ఆఖరికి బడి బోరు నీళ్ళు కూడా. మౌలాలి రైల్వే క్వార్టర్ల వెనక మా మిషన్ బడిలో ఆమె మధ్యాహ్న భోజనం వండేది. నేను సైన్సు చెప్పేదాన్ని, పేరు కాంతమణి. నా నోరు మంచిది కాదని బడంతా అంటుంది. అబద్ధమేమీ కాదు.

అచ్చియమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. రైల్వేలో ఖలాసీగా చేరిన మొగుడి వెంట వచ్చింది, అతను పోయాక గరిటె పట్టింది. వడ్డించేటప్పుడు ఆమెదొకటే నియమం. పళ్ళెంలో ఉన్న ఆకు పేరు చెబితేనే రెండోసారి వడ్డన. పేర్లు గడగడా చెప్పేసి, ఆకుల్ని మాత్రం ఏరి బల్ల కింద పారేసేవాళ్ళు మా పిల్లలు.

"సేత్తో పెంచింది పారెయ్యరు టీచరమ్మా. ఇంత నేల ఇప్పించండి" అంది ఒకరోజు.

నేల ఉంది. కానీ దాని మీద మా కరస్పాండెంటు ఆర్థర్ గారికి వేరే మోజు, స్కూటర్ల షెడ్డు. నేను నోరు పెట్టుకుని పోరితే ఒక గడువిచ్చారు. ఆగస్టు పదిహేనుకి ఆ తోటలోది పిల్లల పళ్ళేల్లో కనబడాలి, లేకపోతే సిమెంటు పోయిస్తానన్నారు.

అడగడమే ఆలస్యం, జనం కదిలారు. మోండా మార్కెట్ ఆకుకూరల నాంచారమ్మ విత్తనాలిచ్చింది. సైనిక్‌పురి నుంచి రిటైర్డు హవల్దారు రామకృష్ణ గారు పార భుజానేసుకుని సైకిలు మీద వచ్చి మడులు కట్టారు. నీళ్ళే కరువు. ఆ ఏడు వాన మొహం చాటేసింది, బోరు రెండు బకెట్లకే రొప్పేది. ఇంటికో సీసా గంజి పంపమని అచ్చియమ్మ తల్లులందరికీ చెప్పింది. గంజి పోస్తే వాళ్ళ ఊళ్ళో బీరతీగ చూరెక్కేదట.

అంతే, పొద్దున్నే గేటు దగ్గర సీసాలు బారులు తీరేవి. గేటు పక్కింటి బాలమణి అయితే రోజూ పెద్ద క్యాను మోసుకొచ్చి మూల మడిలో స్వయంగా పోసేది. తోటకూర, పాలకూర జానెడు లేచాయి. నేను పిల్లల చేత కలుపు పీకిస్తూ మురిసిపోయాను.

మూడు వారాలు తిరిగాయో లేదో, ఆకుల అంచులు మాడాయి. మొక్కలు వరసగా వాలిపోయాయి. కలుపు తియ్యడం కూడా మానేశాం, చచ్చిన మడికి కలుపేమిటని. పదిమంది తల్లుల ముందు అచ్చియమ్మని పట్టుకుని కడిగేశాను. "ఏమీ తెలియకుండా గంజి పోయించావు. పిల్లల కష్టం బూడిదలో పోశావు" అన్నాను. ఆ పూట ఆమె సాంబారు రుచి చూడకుండానే దించింది.

మర్నాడు గేటు దగ్గర నిలబడి వచ్చిన ప్రతి సీసా మూత తీసి నాలుక మీద చుక్క వేసుకుంది. మతి పోయిందనుకున్నాను. బాలమణి క్యాను దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది.

"ఏటి పిల్లా, ఇందులో ఉప్పుంది?"

"ఉండదా మరి? అన్నం ఉడికేటప్పుడు ఉప్పెయ్యకుంటే బుక్క దిగుతదా?" అంది బాలమణి.

"ఉప్పు కూరలో కదమ్మా ఏస్తారు?"

గోడకి గోడ ఆనుకుని పదిహేనేళ్ళుగా ఉంటున్నారు ఇద్దరూ. ఒకరింటి అన్నం సంగతి ఒకరికి తెలియదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ ఊళ్ళోనే ఉన్నాను, నాకూ తెలియదు. మా ఇంట్లో కోస్తా వాళ్ళలాగే చప్పిడన్నమే. తక్కిన సీసాలూ చూస్తే సగం ఉప్పువే. రోజూ ఉప్పు గంజి వస్తుంటే మొక్క చచ్చిందని వంటమనిషిని తిట్టిన సైన్సు టీచర్ని నేను. బాలమణి మొహం పాలిపోయింది. అందరికంటే ఎక్కువ మోసింది తనే మరి. క్యాను తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ గేటు తొక్కలేదు.

గడువు ఇంకా ఆరు రోజులు. గోడ పక్కన సిమెంటు బస్తాలు దిగాయి. అచ్చియమ్మ వెళ్ళి చచ్చిన మడుల మధ్య కూర్చుంది. కాసేపటికి ఏదో తుంచి నోట్లో వేసుకుంది. ఎర్రటి కాడ, చిన్న చిన్న మందపాటి ఆకులు, నేలంతా పరుచుకుని ఉంది. నేను కలుపని రోజూ పీకించిందే.

"పాయల కూర టీచరమ్మా. ఇక్కడోళ్ళు గంగవాయిలి అంటారు. ఉప్పుకి ఇది సావదు, తాగి ఆకులో దాసుకుంటాది" అంది. అన్నిటికంటే దట్టంగా బాలమణి పోసిన మూల మడిలోనే ఉంది.

పదిహేనో తారీకు జెండా ఎగిరాక పాయల కూర పప్పు వడ్డించింది. ఒక్క ఆకు బల్ల కింద పడలేదు. ఆర్థర్ గారు వేళ్ళు నాకి మళ్ళీ పళ్ళెం చాపారు. అచ్చియమ్మ గరిటె పైనే ఆపింది.

"ఆకు పేరు సెప్పండి బాబుగారూ."

ఆయన దిక్కులు చూశారు. పిల్లలు నవ్వుతూ అందించారు, ఆయన బుద్ధిగా అప్పజెప్పారు. ఆ సిమెంటుతో తర్వాత నీళ్ళతొట్టి కట్టించారు. అందులోకి ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్ళే వస్తాయి.

నేను పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. ఆకు పేరు నాకు తెలుసు. అయినా ముందు, ఆ తల్లులందరూ వినేలాగే, "తప్పు నాది అచ్చియమ్మా" అన్నాను. పోనీలెమ్మని రెండు గరిటెలు వేసింది.

తర్వాత ఇంకో పళ్ళెం నింపుకుని పక్కింటికి నడిచింది. బాలమణి తలుపు సగమే తీసింది.

"ఉప్పు సరిపోయిందేమో సూడు."

బాలమణి వేలితో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. "మంచిగనే సరిపోయింది" అంది మెల్లగా.

"పప్పులో నాను ఏసింది సగమే. మిగతాది నువ్వు మోసిందేనమ్మా."

బాలమణి తలుపు పూర్తిగా తీసింది.