శీనన్న వేసిన హార్డ్ డిస్క్

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోరు మూసుకుని కూర్చునే మనిషిని కాను నేను. బస్సులో పక్క సీటావిడకు కూడా దిగేలోపు నా కథంతా చెప్పేస్తాను. ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను.

పదో తరగతి అయ్యాక బెంగళూరు పక్కన హొసకోటెలో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే అంగడిలో చేరాను. ఆఫీసులు వదిలేసిన మెషిన్లకు విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసి అమ్మేవాళ్లం. కొన్నవాళ్లు వారం తిరక్కుండా వచ్చి అడిగేది ఒకటే: ఆటలు ఎందుకు రావడం లేదు? అవన్నీ విండోస్ కోసం చేసిన ఆటలు. వాటిని లైనక్స్ మీద ఆడించడం నాకు అంగడిలో నాకంటే ముందు నుంచీ రిపేర్లు చేస్తున్న శీనన్న నేర్పాడు. ఒక ఫోల్డర్ చేసి, అందులో విండోస్‌లో ఉండేలాంటి ఉత్తుత్తి సీ డ్రైవ్ పెడితే, తను విండోస్‌లోనే ఉన్నానని ఆట నమ్మేస్తుంది. మొరాయిస్తే ఆ ఫోల్డర్ మార్చి కొత్తది చేయాలి. పాతదాన్ని మాత్రం శీనన్న చెరపనిచ్చేవాడు కాదు. పేరు మార్చి పక్కన పెట్టమనేవాడు. ఆడినవాళ్లు అంతవరకూ దాచుకున్న ఆట చాలాసార్లు దాంట్లోనే ఉంటుంది.

"తీసేసేదానికి నీ చెయ్యి శానా జోరు పాపా," అని నవ్వేవాడు.

కాబట్టి తెలియక చేశానని చెప్పుకోలేను.

లక్ష్మక్క జిగణిలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. అది మూతపడ్డాక హొసకోటెలో తమ్ముడింటికి వచ్చింది. మా దగ్గర కొన్న మెషిన్ మీద, ఊరు కట్టే ఆటలో, ఆ ఫ్యాక్టరీ వీధంతా మళ్లీ కట్టుకుంది. క్యాంటీన్, బస్సు ఆగే చోటు, ఒక్కో ఇంటికి తనతో కుట్టిన ఒక్కో మనిషి పేరు. ఏడాది పట్టిందట.

ఒకరోజు ఆ ఆట తెరుచుకోవడం లేదని మెషిన్ తెచ్చింది. శీనన్న భోజనానికి వెళ్లాడు. బల్ల మీద ఇంకో నాలుగు మెషిన్లు ఎదురుచూస్తున్నాయి. ఫోల్డర్ చెరిపేశాను. కొత్తది చేశాను. ఆట ఎంత చక్కగా తెరుచుకుందో! పచ్చటి నేల. ఒక్క గోడ లేదు.

ఏం చేశానో తెలిసిపోయింది. వెంటనే నోరు పనిచేసింది. "నా ఊరేదమ్మా?" అని లక్ష్మక్క అడిగితే, "హార్డ్ డిస్క్ చెడిపోయిండాది అక్కా, ఫైళ్లు పోయినాయి" అన్నాను. ఆ డిస్క్ నెల ముందే శీనన్న, పాతది చెడిపోతుంటే దాంట్లోవన్నీ ఎక్కించి, మార్చి వేశాడు. ఆ మాట అనేటప్పుడు అది నాకు గుర్తుందా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. గుర్తుంది. గుర్తుంది కాబట్టే ఆ మాట వచ్చింది.

భోజనం నుంచి వచ్చిన శీనన్న మీద ఓనర్ కేకలేశాడు. శీనన్న నన్ను పక్కకు పిలిచాడు.

"నువ్వు చూసినావా పాపా? నిజంగా డిస్కే పోయిండాదా?"

"అవునన్నా. టకటకా అని సౌండు కూడా వచ్చింది."

"టెస్ట్ చేసే వేస్తినే..."

"ఒక్కోటి అట్లే పోతాదిలే అన్నా."

"నువ్వు చూసినానంటే సరే. అక్కకు నేనే చెప్పుకుంటా."

చెప్పుకున్నాడు, అందరి ముందూ చేతులు జోడించి. నిజం ఆ గంటలోనే చెప్పి ఉంటే, చెరిపిన ఫైళ్లను ఆయన వెతికి తీసేవాడేమో. అలా ఎంతమందికో తీసిచ్చాడు. డిస్కే పోయిందన్నాక ఎవరు వెతుకుతారు? ఓనర్ దాన్ని చెత్తలో వేయించి వేరేది బిగించమన్నాడు. ఆట వేసివ్వమంటావా అంటే లక్ష్మక్క వద్దంది.

శీనన్నను బల్ల దగ్గర్నుంచి లేపి డెలివరీలకు తిప్పారు. నెలలోపే మానేశాడు. ఇప్పుడు ఇళ్లల్లో కర్టెన్లు బిగిస్తున్నాడట. ఎవరైనా కంప్యూటర్ చూడమంటే "ఆ పని నాకు సరిగా రాదప్పా" అంటాడట. ఆ మాట ఆయన నోట్లో పెట్టింది నేను.

నాకు పని బాగా వచ్చు. ఈ మాట ధైర్యంగానే అంటాను. ఇప్పుడు బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో నాకంటూ ఒక రిపేరు బల్ల ఉంది. ఇంజినీర్లే మెషిన్ తెచ్చి "మేడమ్, మీరే చూడాలి" అంటారు. నాకొచ్చిన పనంతా శీనన్న పెట్టిన భిక్షే. మరి ఆయన దగ్గరికి ఎందుకు వెళ్లలేదు? భయం. ఇంకే కారణమూ లేదు. వెతికాను, దొరకలేదు.

క్షమిస్తారా అని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో ఉన్నది కాదు.

ఆ సాయంత్రం చెత్తలోంచి ఆ డిస్క్ తీసి ఇంటికి తెచ్చుకుని టెస్ట్ చేశాను. ఒక్క లోపం లేదు. ఐదేళ్లుగా నా మెషిన్‌లోనే నడుస్తోంది. ఇది రాసి దాస్తున్నదీ దాంట్లోనే.

శీనన్న వేసిన డిస్క్ మంచిదే. చెరిపింది నేను.

హమ్మయ్య. రాసేశాను.