అన్నం ముట్టించిన చెయ్యి

మేనమామగా మా తమ్ముడు అన్నం ముట్టించి నెల తిరగలేదు. ఒక పొద్దున మా బిడ్డ లత ఏడుస్తుంటే నోట్లోకి చూశాను. నాలుక సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఆరు నెలల దాకా ఎర్రగా, బొద్దుగా ఉన్న పిల్ల పాలు మానేసింది, కడుపు ఉబ్బింది.

సిరిసిల్లలో మా ఇంట్లో మా అత్త వెంటనే తేల్చేసింది. "నీ తమ్ముని చెయ్యి మంచిది గాదు. ఠాణా మెట్లెక్కినోడు అన్నం ముట్టిస్తే గిట్లనే అయితది."

అన్నల, అంటే నక్సలైట్ల, రోజులవి. కోరుట్లలో ఉండే మా తమ్ముడు సత్తయ్యను అనుమానం మీద పోలీసులు అప్పటికే తీసుకెళ్లి వదిలారు. అత్త మాట నమ్మలేదు గానీ, ఆ రోజు పాయసం వండిన గిన్నెను మాత్రం వాసన చూశాను. నాది పుట్టు అనుమానం.

జగిత్యాల డాక్టరు హీమోగ్లోబిన్ నాలుగే ఉందన్నాడు. ముందు నాదీ, మా ఆయనదీ, పిల్లదీ రక్తం తీసి హైదరాబాద్‌కు పంపి, తర్వాత పిల్లకు రక్తం ఎక్కించాడు. "రోగం పిల్లకైతే నా నెత్తురెందుకు?" అని మా ఆయన గొణిగాడు. నాకూ ఆ డాక్టరు మీద గురి కుదరలేదు.

రిపోర్టులో తలసీమియా మేజర్ అని, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బని వచ్చింది.

"కడుపుల ఉన్నప్పుడు పిల్లకు వేరే రకం హీమోగ్లోబిన్ తయారైతదమ్మా," అన్నాడు డాక్టరు. "పుట్టినంక ఆ జీన్ మెల్లగ బంద్ అయి, పెద్దోళ్ల జీన్ మొదలైతది. గా రెండోది మీ ఇద్దరి నుంచీ ఖరాబ్‌దే అచ్చింది. మీరు క్యారియర్లు, జబ్బును మోస్తరు గానీ మీకేం తెల్వది. పిల్లకు ఆర్నెల్లకు బయటపడ్డది."

"అయితే అన్నంల ఏం లేదా సారూ?"

"ఎవలు ముట్టిచ్చినా గిట్లనే అయ్యేది."

అత్త మూతి తిప్పుకుంది.

ఇక నెలనెలా రక్తం. మా ఇళ్లలో గ్రూపు కలిసింది సత్తయ్యదే; మూణ్ణెల్లకోసారి వాడిచ్చేవాడు, మిగతా నెలలు వేరేవాళ్లను వెతుక్కునేవాళ్లం. ఒకసారి వాడు రక్తమిచ్చి నాతో, అత్తతో బస్టాండుకు రాగానే పోలీసులు ఆపారు. వాడి మోచేతి దగ్గర దూది కనిపించింది వాళ్లకు.

"ఎవనికిచ్చినవ్‌రా నెత్తురు? అడివిల దెబ్బతిన్నోళ్లకా?"

వాణ్ణి తీసుకెళితే వాడు ఏమవుతాడో, వచ్చేసారి నా పిల్లకు రక్తమెవరిస్తారో! అంతలో అత్త లతను ఎత్తుకుని పోలీసు జీపుకు అడ్డం నిలబడింది. "గీ పిల్లకిచ్చిండు సారూ! అన్నం ముట్టిచ్చినోడే, నెత్తురు గూడ ఇస్తున్నడు. దవాఖానల అడుగుండ్రి!" పిల్ల చేతికీ దూది ఉంది. డాక్టరును అడిగి, సాయంత్రానికి వదిలారు. అత్త మనసు మారిందా, రక్తం ఆగిపోతుందని భయపడిందా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.

లత ఇప్పుడు ముప్పై దాటింది. ఇప్పటికీ రక్తం ఎక్కించుకుంటుంది, ఒంట్లో ఐరన్ పేరుకోకుండా మాత్రలు వేసుకుంటుంది, బట్టలు కుడుతుంది. మొన్న సత్తయ్య మనవడికి అన్నం ముట్టించారు. సత్తయ్య పాయసం గిన్నె లత చేతికిచ్చాడు. "నువ్వే ముట్టియ్యి బిడ్డా."

నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. అయినా పిల్లవాడి నాలుక చూశాను. ఎర్రగా ఉంది. మా లతదీ అప్పుడు అంత ఎర్రగానే ఉండేది. అందుకే వీడి తండ్రి, సత్తయ్య కొడుకు పెళ్లికి ముందే పట్టుబట్టి, క్యారియర్లా కాదా అని తేల్చే హెచ్‌బీఏ2 పరీక్ష వాడికీ, పెళ్లికూతురికీ చేయించాను. అమ్మాయి వాళ్లు తిట్టుకున్నారు. మీరూ చేయించండి, తిడితే తిట్టనీ.