మునిరత్నం సారు చేయని తప్పు

మా గురువుగారు మునిరత్నం సారు మొన్న మంగళవారం ఉదయం తిరుపతిలో పరమపదించారు. ఫోనులో ఆ వార్త విన్నప్పుడు నేను నాయుడుపేట బస్సులో ఉన్నాను. దుఃఖం కన్నా ముందు భయం కమ్ముకుంది. ఆయన పేరు మీద పడిన మచ్చను తుడవవలసినవాణ్ణి నేను. ఇన్నేళ్లూ తుడవలేదు.

కంప్యూటరు ఊరికి కొత్తగా ఉన్న రోజుల్లో, రైల్వే స్టేషను వెనుక ఒక మిద్దె మీద ఆయన మాకు ప్రోగ్రాములు రాయడం నేర్పారు. గణితంలో అపారమైన పాండిత్యం ఉన్నా మాటలో పిసరంత దర్పం లేదు. కోపమొస్తే అంకెల దగ్గరే వచ్చేది.

"యంత్రానికి పొడుగు సంఖ్య ఇస్తే ముందర పదిహేను అంకెలు బాగా పట్టుకుంటాది. ఆ మీద ఉండే తోకను తనకు తోసినట్టు మార్సేస్తాది. మనకు సెప్పను కూడా సెప్పదు" అనేవారు. అందుకే పెద్ద సంఖ్యను నాలుగేసి అంకెల ముక్కలుగా కోసి, వేర్వేరు గడుల్లో దాచి, పలక మీద కూడినట్టే కుడి నుంచి ఎడమకు లెక్క నడిపించేవారు.

తరువాత సారూ నేనూ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగానికి చేరాం. అక్కడ రోగి నమోదు సంఖ్యకు పద్దెనిమిది అంకెలు. ముందువి ఊరికీ, సంవత్సరానికీ, వార్డుకీ గుర్తులు. "మనిసి ఉండేది ఆ తోకలోనే అబ్బా, పోగొట్టేవు!" అని సారు హెచ్చరించారు. ప్రోగ్రాము రాసింది నేను. ముక్కలు చేసే చాకిరీ ఎవరు పడతారని, సంఖ్యనంతా దశాంశాలు దాచే, పదిహేను అంకెలే నిలిచే గడిలో పడేశాను.

"పద్దెనిమిది తొమ్మిదులూ పెట్టి, తోక నిలస్తాదో లేదో సూసినావా?" అని అడిగారు. మరునాడు తిరుమలలో మా చెల్లెలి పెళ్లి. నా ధ్యాసంతా కొండ బస్సు మీదే ఉంది. "సూసినా సార్" అన్నాను. చూడలేదు. నా మాట నమ్మి, ప్రోగ్రాము సరిగా ఉందన్న కాగితం మీద ఆయన సంతకం పెట్టారు.

నెల తిరక్కముందే, వెంటవెంటనే చేరిన ఇద్దరు స్త్రీలకు యంత్రంలో ఒకే సంఖ్య పడింది. ఒకామె రక్తం గ్రూపు ఇంకొకామె కాగితం మీద అచ్చయింది. రక్తం ఎక్కించబోతూ నర్సమ్మ అనుమానపడి ఆపింది కాబట్టి ప్రాణం దక్కింది. విచారణలో సారు "సంతకం నాది" అని మాత్రం అన్నారు. ఉద్యోగం పోయింది. పక్కనే నిలబడి నేను నోరు మెదపలేదు. ఆస్పత్రిలో తప్పు చేసిన మునిరత్నమని ఊరు ఆయనను గుర్తుపెట్టుకుంది. నేను ఆయన వీధి తప్పించి తిరిగాను.

నిన్న వెళ్లి, సారు భార్య సుబ్బమ్మగారి కాళ్ల మీద పడి నిజం చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆ పొద్దే తెలుసు నాయనా. మీ సారే సెప్పినాడు. 'వాడే వస్తాడు, నువ్వేం అడగొద్దు' అనినాడు. ఆదివారమైతే ఉతికిన సొక్కా యేసుకొని వాకిట్లో కుర్సీలో కూసునేవాడు. ఎవురి కోసమని నేనూ అడగలా."

అంతటి క్షమాగుణం కలిగిన మహనీయుడు నాకు మళ్లీ దొరకడు. ఆ పాదాలకు నమస్కరించి, నలుగురూ చదివే ఈ కాగితం మీద రాస్తున్నాను: తప్పు నాది, సారూ. ఊరంతా చదువుతుంది. మీరొక్కరే చదవరు.