చెంబులో పడ్డ గింజలు

మొన్న ఎన్నికల్లో మా వీధి బడికి వెళ్ళి, వరుసలో గంటా పది నిమిషాలు నిలబడి, అట్ట చాటున మీట నొక్కాను. యంత్రం కూయ్‌మంది. నాకు ముందు వేసిన పద్నాలుగు మందికీ అదే కూత, నా తరువాత వేసినవాళ్ళకూ అదే కూత. ఎవరు దేనికి వేసినా ఒకటే చప్పుడు కదా అని వరండాలో కాళ్ళు చాపుకుని వింటూ కూర్చుంటే, యాభై రెండేళ్ళ కిందట విన్న వేరే రెండు చప్పుళ్ళు మళ్ళీ వినిపించాయి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మా మామగారు కోడుమూరులో బట్టల అంగడి నడిపేవారు; అంగడి వెనక గదే మా పార్టీ ఆఫీసు. పేరు చెప్పినా మీలో ఎక్కువమందికి గుర్తుండదు, అంత చిన్న పార్టీ. పెద్దమనిషి చెయ్యి ఎటు చూపిస్తే ఊరంతా అటే గుద్దే మా సీమలో, ఎవరి ఓటు వాళ్ళదే, ఎటు వేశావని అడిగే హక్కు కట్టుకున్నవాడికి కూడా లేదు, ఏ వాడ నుంచి, ఏ గేరి నుంచి వచ్చినా ఒకే బల్ల మీద కూర్చోవాలి అని చెప్పిన పార్టీ అది. ఎప్పుడూ గెలవలేదు. గెలవకపోయినా పింఛను అర్జీలు, రేషన్ కార్డు అర్జీలు రాయడం మాత్రం మానలేదు. నా భర్తతో కలిపి పదకొండు మందిమి ప్రతి గురువారం సాయంత్రం నాలుగున్నరకు కూడేవాళ్ళం. మా మామగారు అధ్యక్షులు, నేను సమావేశాల పుస్తకం రాసేదాన్ని. కింద గేరి నుంచి ఒకామె వచ్చేది, నాకంటే రెండేళ్ళు చిన్నది. బల్ల మీద నా పక్కనే ఆమె చోటు.

మాలో అయిదుగురికి చదువు రాదు కాబట్టి మా ఓట్లు గింజలతో జరిగేవి. ఒక్కొక్కరికీ ఒక బుడ్డకాయ, అంటే వేరుశనగ కాయ, ఒక చింతపిక్క ఇచ్చేదాన్ని. పంచె తెర వెనక్కి పోయి, కావలసినదాన్ని కుండలో వేసి, మిగిలినదాన్ని పక్కన ఉన్న గుడ్డ సంచిలో జారవిడవాలి. ఆ ఎండాకాలం కుండ పగిలితే, మా ఇంటి నుంచి ఇత్తడి చెంబు తెచ్చిపెట్టింది నేనే.

అప్పుడే పంచాయతీకి ఒక బోరింగు వచ్చింది. ఎక్కడ వేయాలో మీరు రాసిస్తే అక్కడే వేయిస్తామని అధికారి మా పార్టీనే అడగడం మాకు పెద్ద గౌరవం. మా వీధిలోనా, కింద గేరిలోనా అన్నదే మాట. మా వీధి ఆడవాళ్ళం ఊరి బావి నుంచి మోసుకునేవాళ్ళం. నా వంతు రోజుకు పన్నెండు బిందెలు. కింద గేరి వాళ్ళు ఆ బావిలో చేద వేయకూడదు, ఎవరో ఒకరు తోడి పోసేదాకా దూరంగా నిలబడాలి. ఆ గురువారం మా మామగారు లేచి, "నీళ్ళు యాడ లేవో ఆడికే ముందు పోవల్ల. ఇంత కాలం మనం చెప్పిండేది ఇదే కదప్పా" అన్నారు. కాదన్నవాళ్ళు లేరు. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి గింజలు పంచాను. బుడ్డ కింద గేరికి, పిక్క మా వీధికి.

మొదట మా మామగారే తెర వెనక్కి వెళ్ళారు. చెంబు ఠంగుమంది. రెండో ఆయన వెళ్ళినప్పుడు టప్‌మని మెత్తగా పడింది. మూడో ఆయనకు ఏ చప్పుడు వస్తుందోనని చూసేసరికి నాకు అర్థమైంది, ఇత్తడి మీద పిక్క మోగుతుంది, బుడ్డ మోగదు. ఒక నేత పెద్దాయన తెర వెనక ఆలస్యం చేస్తే, దూరపు బల్ల మీద నుంచి ఇంకొకాయన "ఏమప్పా, గింజ వేస్తాండావా, మొలకెత్తిచ్చి వస్తావా?" అన్నాడు. అందరూ నవ్వారు. తెర దగ్గర కూర్చున్న నేను మాత్రం లెక్కపెడుతున్నాను. నా భర్తది ఠంగు. నా పక్కనున్నామెది టప్. పదిమంది అయ్యేసరికి అయిదు, అయిదు.

పుస్తకం రాసేదాన్ని కాబట్టి చివరి గింజ ఎప్పుడూ నాదే. తెర వెనక్కి పోయాను. మా వీధిలో బోరింగు వేస్తామన్న చోటు మా గడపకు అరవై నాలుగు అడుగులు. ముందురోజే అడుగులు వేసి చూసుకున్నాను. పిక్క వేశాను.

తరువాత చెంబు బోర్లించి, అందరి ముందూ ఎంచి, ఆరుకు అయిదు అని రాశాను. ఇంటికి పోయి పొయ్యి వెలిగించాను. నాకు ఏడుపు రాలేదు, భయం కలగలేదు, ఆ పూట అన్నం కూడా ఎప్పటిలాగే తిన్నాను.

మరుసటి గురువారం ఎవరూ రాకముందే చెంబు అడుగున గుడ్డ మడిచి వేశాను. ఆమె నాకంటే ముందే వచ్చి గడప అవతల నిలబడి ఉంది, నేను చూడలేదు. లోపలికి వచ్చి, చెంబులోకి తొంగి చూసి, కోపం లేకుండా అంది: "పోయిన వారమే వేసింటే బాగుండు కదక్కా. నా చెవిన పడకపోతాండె."

నేను పుస్తకం తెరిచి వచ్చినవాళ్ళ పేర్లు రాసుకున్నాను. ఆమె పేరు కూడా రాశాను. ఆ తరువాత ఆ పేరు రాసే పని నాకు పడలేదు.

బోరింగు పడింది, నీళ్ళు తియ్యగా ఉండేవి. బావి దగ్గర నిలబడ్డట్టే ఆమె అక్కడా దూరంగా నిలబడేది, నేను కొట్టి ఆమె బిందెలో పోసేదాన్ని.

పార్టీ నాలుగేళ్ళకు లేకుండా పోయింది. ఆ బోరింగు పిడి కూడా ఎవరో పట్టుకుపోయారు, ఇప్పుడు అన్ని గేర్లకూ కుళాయిలు ఉన్నాయి. మామగారు పోయేదాకా, పోయిన తరువాత కూడా, ఆయన గింజే అంతా తిప్పిందని నేను మనసులో అనుకుంటూ వచ్చాను. మంచి మాట చెప్పి పిక్క వేసిన మనిషి అని. మొన్న బడి వరండాలో మళ్ళీ ఎంచాను. ఆయన వేసేటప్పటికి ఎవరు ఎటో ఆయనకు తెలియదు. అయిదు, అయిదు అని తెలిసి వేసినది నేను ఒక్కదాన్నే. ఇప్పటి యంత్రం అందరికీ ఒకే కూత కూస్తుంది, పక్కన కూర్చున్నవాళ్ళకు ఏమీ తెలియదు. మంచిదే. ఓటు వేసి వచ్చి, కుళాయి తిప్పి, చెయ్యి కడుక్కున్నాను.