పూత మీద కొట్టిన కొమ్మ

ముసునూరులో ఎవరింట్లో డిష్ బిగించాలన్నా ఇరవై ఏళ్లుగా సలోమోనే రావాలి. చదివింది ఎనిమిదో తరగతి. ఉపగ్రహం సంగతి మాత్రం ఇంజినీరులా చెబుతాడు. భూమధ్యరేఖకు ముప్పై ఆరువేల కిలోమీటర్ల పైన, భూమి ఒక చుట్టు తిరిగేసరికి అదీ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే మనకు ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. "సూర్యుడైనా జరుగుతాడు గానీ ఇది జరగదండీ" అంటాడు ధీమాగా.

జనవరి చివర్లో మేనత్త రిబ్కమ్మ ఇంట్లో ప్రార్థన చానల్ కోసం ఎనిమిదడుగుల డిష్ పెట్టాడు. ఆవిడ రిటైరైన టీచరు. మోకాళ్లు పట్టేసి చర్చికి వెళ్లలేకపోతోంది. రేకుల ఇల్లు కాబట్టి డిష్ పెరట్లోనే నిలబెట్టాలి. అక్కడ దక్షిణాన చిన్నరసం మామిడి కొమ్మ అడ్డం, అదీ నిండు పూతతో. ఈ తోటల ఊళ్లలో పూత మీదున్న కొమ్మకు రంపం పెడదామంటే మనిషిని కొట్టడానికొస్తారు.

"ఈ ఒక్కసారికేనత్తా. మళ్లీ చెట్టు జోలికి రాను. మాటిస్తున్నా."

మేనల్లుడి మాట మీద ఆవిడ కళ్లు మూసుకుని సరేనంది.

మూడు వారాలకు బొమ్మ పోయింది. ఉపగ్రహాన్ని దాని చోట నిలిపేది అందులోని ఇంధనమే. పదిహేనేళ్లకు అది అడుగంటింది. మిగిలిన కాస్తతో దాన్ని ఇంకా పైకి నెట్టి వదిలేశారు. చానల్ తూర్పున, ఆకాశంలో బాగా కిందుగా ఉండే మరో ఉపగ్రహానికి మారింది. అటువైపు చెట్టంతా అడ్డమే.

సలోమోను నూజివీడు బస్సెక్కి, తనకు డిష్‌లు, బాక్సులు అమ్మే మురళీకృష్ణ కొట్టుకెళ్లాడు.

"మీకు ముందే తెలుసాండీ?"

"ఉపగ్రహం మారుతుందని దసరాకే కాగితం వచ్చిందయ్యా. పాత బాక్సులు కొత్తదానికి పనికిరావు. ఈలోగా అవి అమ్ముడుపోవాలి కదా."

"నాకొక్క ముక్క చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు అమ్మేవాడివా? నువ్వు నిజమనుకుని చెబితేనే జనం నమ్ముతారు." పైగా నవ్వాడు, దుర్మార్గుడు.

సలోమోనుకు ఒళ్లు మండిపోయింది. ఆ పెద్దమనిషి బాక్సులతో పాటు సలోమోను మంచితనాన్నీ అమ్ముకున్నాడు.

సాయంత్రం రిబ్కమ్మకు జరిగింది చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. కొమ్మ నరికిన చోటు వైపు చూసి అడిగింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలీదత్తా. ప్రభువు తోడు."

బళ్లో అబద్ధమాడిన పిల్లల్ని చూసినట్టు కాసేపు చూసింది.

"సర్లే, పొద్దుపోయింది. వెళ్లిరా" అని తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ ఇంటి నుంచి టీ తాగకుండా రావడం అతనికి అదే మొదలు.